గొడుగుల గొట్టం

కోడలికి ముక్కు మీద కోపమని ఇంట్లో అందరూ అంటారు. అది వట్టి మాట. ముక్కు మీద కోపం వచ్చినంత తొందరగానూ పోతుంది. ఈమె కోపం ఆ రకం కాదు. ఓడ మీద మొదలైంది, ప్రయోగశాలలో ముదిరింది, ఇవాళ మధ్యాహ్నం భర్త గదిలో ఆ నివేదిక మొదటి వాక్యం చదివేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

వాక్యం చూడ్డానికి సాధువే. ప్రస్తుతం సముద్రమట్టం ఎత్తుగా ఉన్నందువల్ల ఈ వాలు నిద్రలో ఉంది, అని.

“ఎవరు రాశారు దీన్ని?” అంది.

“నేనే,” అన్నాడు భర్త, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా. “అంటే, వాక్యం నాన్నది.”

“నేను తెచ్చిన చిన్న గొట్టాల సంగతో?”

“అనుబంధంలో పెట్టాను కదా. చివర్లో ఉంది, చూడు.”

“చివర్లో. రేపు పడవలు మునిగాక వాటి సంగతి కూడా చివర్లోనే రాస్తారా?”

భర్త కంప్యూటర్‌ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. సముద్రం అడుగు మట్టిని పరీక్షించే ఆ కేంద్రానికి ఆయన అధికారి. ఆమె అక్కడే మట్టి చదివే శాస్త్రజ్ఞురాలు. ఆయన సంతకం లేనిదే ఆ భవనంలోంచి కాగితం కదలదు. కాని వాళ్ల నాన్న మాట వచ్చేసరికి ఆయనకి గొంతు పెగలదు. ఆ నాన్న రిటైరై చాలా ఏళ్లయింది. కుర్చీలో మనిషి మారాడు గాని కుర్చీ ఇంకా ఆయనదే అని ప్రయోగశాలలో వెనకాల నవ్వుకుంటారు.

సంగతి ఇది. నడిసముద్రంలోని బావినుంచి ఒడ్డుకి గ్యాస్ తెచ్చే లైను ఒకటి వేయబోతున్నారు. అది సముద్రం అడుగున ఉన్న వాలు మీదుగా ఎక్కి రావాలి. ఆ వాలు కదులుతుందా, కదలదా? కంపెనీవాళ్లు అడిగింది ఆ ఒక్క ముక్కే. సాయంత్రానికల్లా జవాబు వెళ్లాలి. నిద్రలో ఉందని వెళితే, లైను దగ్గరి దారి పట్టి, వాలుని చీల్చుకుంటూ పోయే లోయ ఒకటుంది, దాని నోటి ముందునుంచి తిన్నగా పోతుంది. నిద్ర కాదని వెళితే చుట్టు తిరిగి పోతుంది. నిద్రలో ఉందని రాశాక వాలు కదిలిందా, లైను తెగుతుంది, గ్యాస్ పైకి తన్నుకొస్తుంది. సరిగ్గా ఆ నీళ్ల మీదే తెల్లారిన దగ్గర్నుంచీ పొద్దుగూకేదాకా జాలర్ల పడవలు వలలు వేసుకుని ఉంటాయి. ఆ పడవల్లోవాళ్లకి ఈ నివేదిక గురించి తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు. రాసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తే చాలు.

వాలు నిద్రపోవడమేమిటంటారా? అది మాస్టారి మాట. మాస్టారంటే ఆమె మామగారే. ఊరందరికీ ఆయన మాస్టారే, ఆఖరికి అత్తగారు కూడా కోపం వచ్చినప్పుడు అలాగే అంటుంది.

తీరం దాటగానే సముద్రం కింద నేల ఒక్కసారిగా లోతుకి పడిపోదు. కొంత దూరం అరుగులా చదునుగా పోతుంది. అరుగు అంచు దాటాక వాలు. వెనకటి మంచు కాలంలో సముద్రం దిగిపోయినప్పుడు ఆ అరుగంతా బయటపడింది. నదులు దాని మీదుగా అంచుదాకా నడిచి, తాము మోసుకొచ్చిన ఇసుకనంతా వాలు మీద గుమ్మరించాయి. ఇసుక పేరుకుంది, జారింది, మళ్లీ పేరుకుంది. మంచు కరిగి సముద్రం ఎక్కాక నదులు బరువంతా అరుగు మీదే దించేస్తున్నాయి. వాలు దాకా వెళ్లేది దుమ్ములాంటి సన్న బురద ఒక్కటే. అంచేత సముద్రం దిగితే వాలు మేలుకుంటుంది, ఎక్కితే నిద్రపోతుంది. మాస్టారు జీవితమంతా ఈ పాఠమే చెప్పారు. చక్కగా చెప్పారు. అరుగు వెడల్పుగా ఉన్నచోట అది నిజం కూడా.

మరి వీళ్ల తీరానికి అరుగెక్కడ ఏడిచింది? గుమ్మం ముందు మెట్టంత ఉంది. ఆ మెట్టుని కూడా కోసుకుంటూ లోయ నది నోటిదాకా వచ్చేసింది. నది పొంగితే ఇసుక ఆగడానికి చోటేదీ? పటం చూసిన స్కూలు పిల్లకైనా అనుమానం రావాలి. మాస్టారికి రాలేదు. ఎందుకంటే ఆయన తీసిన మట్టిలో పైభాగాన ఇసుక కనబడలేదట.

ఎలా కనబడుతుంది? ఆమెకి ఒళ్లు మండేది అక్కడే.

మట్టి తీసే తీరు ఇలా ఉంటుంది. ఓడ మీంచి ఒక పెద్ద గొట్టాన్ని ఉక్కు తీగకి కట్టి దింపుతారు. దాని పక్కనే, దానికంటే కిందుగా, ఒక చిన్న గొట్టం వేలాడుతుంది. సముద్రం అడుగుకి ముందు చిన్నది తగులుతుంది. అది తగలగానే పైన కొక్కెం ఊడి, పెద్ద గొట్టం తన బరువుకి తాను దబ్బున పడి అడుగులోకి దూసుకుపోతుంది. లోతైన మట్టి తెచ్చేది పెద్దదే, కాదనలేం. కాని ఆ దూకుడుకి పైపైన ఉన్న మెత్తటి మట్టి చెదిరి కొట్టుకుపోతుంది. సముద్రం ఎక్కిన తర్వాత ఇన్ని వేల ఏళ్లలో చేరింది ఆ పై మట్టే. అది చెదరకుండా మిగిలేది చిన్న గొట్టంలో.

మాస్టారు తన ఓడలన్నిటి మీదా ఒక పద్ధతి పెట్టారు. చిన్న గొట్టం వట్టి తూకపు గుండులాంటిది, దాంట్లో చూసేదేమీ లేదు, పైకి రాగానే కడిగి తగిలించండి, అని. కడిగారు. ఆయన తర్వాత వచ్చినవాళ్లూ కడిగారు. ఎందుకు కడుగుతున్నామని ఒక్కరూ అడగలేదు, డెక్కు శుభ్రంగా ఉండేది కదా మరి. కథ చెప్పాల్సిన మట్టిని నీళ్ల పైపుతో తిరిగి సముద్రంలోకి తోసేసి, ఆ తర్వాత పెద్ద గొట్టం కోసి చూసి, పైన ఇసుక లేదు కాబట్టి వాలు నిద్రలో ఉంది అని పుస్తకాలు రాశారు. దానికి బిరుదులు, దండలు.

కిందటి యాత్రలో డెక్కు మీద సరంగు అలాగే నీళ్ల పైపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వెళ్లి గొట్టానికి అడ్డంగా నిలుచుంది.

“జరగండమ్మా, తడుస్తారు,” అన్నాడు సరంగు.

“ఆ నీళ్లు కట్టెయ్.”

“ఇది మాస్టారు పెట్టిన పద్ధతమ్మా. నేను పనిలో చేరినప్పట్నుంచీ ఇంతే.”

“మాస్టారు ఓడ మీద లేరు, నేనున్నాను. కడగాలని అంత ముచ్చటగా ఉంటే ముందు నన్ను కడుగు.”

సరంగు ఆమె మొహం చూసి కొళాయి కట్టేశాడు. యాత్ర అయ్యేదాకా చిన్న గొట్టాలకి రెండు కొసలా మూతలు బిగిస్తూ, పనికిమాలిన బురదకి టోపీలు కూడానా అని గొణుగుతూనే ఉన్నాడు.

ఆ పనికిమాలిన బురదని ఆమె ప్రయోగశాలలో నిలువుగా కోసింది. గొట్టం లోపలి ప్లాస్టిక్ తొడుగుని రెండు పక్కలా రంపంతో చీల్చి, సన్నటి తీగతో మట్టిని రెండు బద్దలు చేసి, గాజు పలకతో పైన నునుపుగా గీరింది. బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ బురద. మధ్య మధ్య ఇసుక పొరలు. పైనుంచి బెత్తెడు దిగేలోపే ఇసుక. దాంట్లో నది తెచ్చిన ఆకు ముక్కలు, ఈనెలు ఇంకా కనబడుతూ. లోయ నోటి ముందు దించిన ప్రతి గొట్టంలోనూ అంతే. వాలు నిద్రపోవడం లేదు. వరద వచ్చినప్పుడల్లా దాని మీదికి ఇసుక దిగుతోంది, జారుతోంది. అదంతా ఇప్పుడు అనుబంధంలో, చివర్లో, చిన్న అక్షరాల్లో పడి ఉంది.

“ఈ వాక్యం తీసెయ్యండి,” అంది.

“నా చేతుల్లో ఉంటే తీసెయ్యనా?”

“మీ చేతుల్లో కాక ఎవరి చేతుల్లో ఉంది? కింద సంతకం ఎవరిది?”

భర్త కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అంత మురికిగా ఏం లేదు అది. “నాన్నతో ఒక్కమాట చెబుదాం. ఆయన ఊ అంటే ఇప్పుడే మార్చేస్తాను. వానగా ఉంది, గొడుగు తీసుకో.”

ఇల్లు కేంద్రం వెనక వీధిలోనే. దారి పొడుగునా ఆమె పళ్లు నూరుకుంటూ నడిచింది, ఆయన నీటిగుంటలు దాటుకుంటూ నడిచాడు. ముందుగదిలోకి రాగానే అలవాటు ప్రకారం తడి గొడుగులు గొట్టానికి తగిలించారు.

ఆ గొట్టం సంగతి కూడా చెప్పాలి. మాస్టారు రిటైరైనప్పుడు ప్రయోగశాలవాళ్లు ఆయన గదిలో బీరువా వెనక నక్కి ఉన్న ఒక పాత గొట్టాన్ని లాగి, పచ్చరంగు వేయించి, చెక్క పీట మీద నిలబెట్టి, మాస్టారి మొదటి యాత్ర గుర్తుగా అని ఇత్తడి రేకు కొట్టించి, సభలో ఆయనకి బహూకరించారు. మాస్టారి మొహం మాడిపోయిందనీ, ఆ రోజు ఇంటికొచ్చి భోజనం కూడా చెయ్యలేదనీ అత్తగారు ఇప్పటికీ చెబుతుంది. ఇంట్లో ఉన్న ప్రతి గవ్వకీ, ప్రతి రాయికీ ఒక కథ చెప్పే మనిషి ఆ గొట్టం గురించి ఏనాడూ నోరెత్తలేదు. తన గదిలో పెట్టనివ్వలేదు. అత్తగారు ఊరుకుంటుందా? వడ్రంగిని పిలిపించి దానికి కొక్కేలు కొట్టించి, ఇవాళ్టినుంచి నువ్వు గొడుగులు మొయ్యి అంది. కోడలు కాపరానికి వచ్చినప్పట్నుంచీ ఆదివారం ఆదివారం దాన్ని తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. పెళ్లికి ముందు ఆమె మాస్టారి దగ్గరే చదువుకుంది. మట్టి చదవడం నేర్పింది ఆయనే. పొరలోంచి నమూనా తీస్తే గుంట నలుచదరంగా ఉండాలి, ఎడమ అంచునే ఉండాలి, తీసినచోట తెల్ల బెండుముక్క పెట్టి మూయాలి, తర్వాత వచ్చేవాడికి తెలియాలి కదమ్మాయ్, అనేవారు. అంత శ్రద్ధ గల మనిషని ఆయనంటే ఆమెకి ఎంతో గురి.

వంటింటి బల్ల దగ్గర అత్తగారు స్టౌ మీద పప్పు పడేసి కూరగాయలు తరుగుతోంది. మాస్టారు ఎదురుగా కూర్చుని పేపర్లో గళ్లు నింపుతున్నారు.

“ఏమ్మాయ్, నీ చిన్న గొట్టాల్లో ఇసుక పడిందటగా,” అన్నారు నవ్వుతూ, పెన్ను దించకుండా.

“పడిందండీ. లోయ ముందు దించిన ప్రతి దాంట్లోనూ పడింది.”

“చిన్న గొట్టం తీగకి ఊగులాడుతూ దిగుతుంది. ఒకచోట గుచ్చుకుని, లేచి, మళ్లీ గుచ్చుకుంటుంది. పైదీ కిందిదీ కలిసిపోతాయి. ఆ కలగాపులగాన్ని పట్టుకుని మాట్లాడితే నలుగురూ నవ్వుతారు.”

“కలిసిపోతే ఇసుక చిందరవందరగా ఉండాలి కదా మామయ్యగారూ. ఇది పొరలు పొరలుగా ఉంది. ప్రతి పొరకీ అడుగున ముతక, పైకి పోయినకొద్దీ సన్న. జారి వచ్చి పరుచుకున్న ఇసుకకి అదే గుర్తని మీరే చెప్పారు.”

“ఒక్క యాత్ర. ఒక్క యాత్రతో తేలే సంగతి కాదిది.”

“మిగతా యాత్రలవి కడిగేశారు కదండీ.”

అత్తగారి చేతిలో కత్తి ఆగింది. మాస్టారు పెన్నుకి మూత పెట్టారు. నవ్వు పోయింది.

“నువ్వు పుట్టకముందు నుంచీ నేను ఈ సముద్రంలో గొట్టాలు దించుతున్నాను. నాలుగు రోజులు ఓడెక్కి వచ్చి నాకు సముద్రం నేర్పుతావా?”

“మీకు నేర్పేదాన్ని కాదు. ఆ ఒక్క వాక్యం తీసెయ్యమంటున్నాను, అంతే. ఆ నీళ్ల మీద మనుషులున్నారు.”

“ఆ వాక్యం తీసేస్తే నన్ను తీసేసినట్టే. ఇంకేం మిగులుతుంది నాకు?”

ఇదన్నమాట. పడవలు ఒకపక్క, ఈయన వాక్యం ఒకపక్క. ఆమెకి ఒళ్లు భగ్గుమంది. నోటిదాకా వచ్చిన మాటని మామగారన్న గౌరవం ఒక్కటే ఆపింది. ఆ గౌరవం మీద కూడా ఆమెకి అప్పుడు కోపం వచ్చింది.

భర్త మధ్యలోకి వచ్చాడు. “నాన్నా, మీ పాత ఓడల చిన్న గొట్టం ఒక్కటి మిగిలి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. కోసి చూస్తే తేలిపోయేది.”

“ఏదీ మిగల్లేదు,” అన్నారు మాస్టారు. కాసేపు ఆలోచించి అన్నది కాదు. కొడుకు మాట ఇంకా పూర్తి కాకుండానే అన్నారు. “అన్నీ కడిగేశాం. పొద్దుపోకముందే వెళ్లి దాన్ని పంపించెయ్యి.”

“సరే నాన్నా,” అన్నాడు భర్త.

“సరేనా?” అంది ఆమె. “ఇంతేనా మీరు? ఇంతమాత్రం దానికి నన్ను వానలో లాక్కొచ్చారా? సరే, మీరు పంపండి. నేను కంపెనీవాళ్ల దగ్గరికి వెళ్లి ఈ కాగితం అబద్ధమని మొహం మీదే చెప్పి వస్తాను. ఉద్యోగం పోతే పోనీ.”

విసురుగా ముందుగదిలోకి వెళ్లి గొడుగు పట్టి లాగింది. గొడుగు పిడి కొక్కేనికి చిక్కుకుని రాలేదు. కోపంలో ఇంకా గట్టిగా గుంజింది. గొట్టం పీటతో సహా ఒరిగి ఆమె మీద పడింది. ఆమె భుజంతో ఆపుకుంది.

బరువు. ఉత్త ప్లాస్టిక్ గొట్టం ఇంత బరువుండదు. వారంవారం ఊడవడానికి దీన్ని పక్కకి ఈడ్చుతూ, ఏమిటీ పాడుబరువు అని తిట్టుకుందే గాని ఒక్కనాడైనా ఆలోచించలేదు. అరచేత్తో దాని చుట్టుకొలత పట్టి చూసింది. పెద్ద గొట్టానిది కాదిది. ఓడ మీద మూతలు బిగించినవీ, ప్రయోగశాలలో కోసినవీ అన్నీ ఈ లావే. మొదటి యాత్రది. చిన్న గొట్టం. మట్టితో సహా. ఇన్నాళ్లూ దీనికి గొడుగు తగిలించి, దీనికోసమే సముద్రం మీదికి వెళ్లిందామె. తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

“ఏమండీ, ఇలా రండి,” అంది.

భర్త వచ్చాడు. వెనకాలే మాస్టారు వచ్చారు. గొట్టం ఆమె చేతుల్లో అడ్డంగా ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

“దాన్ని కింద పెట్టు,” అన్నారు.

“పెడుతున్నానండీ.” నేల మీద పడుకోబెట్టింది. “ఇది మిగిలింది కదా మామయ్యగారూ. ఏదీ మిగల్లేదన్నారేం?”

“అది నాకిచ్చిన బహుమతి. దాని జోలికి వెళ్లకు.”

“అత్తయ్యా, ఆ కత్తి ఒకసారి ఇస్తారా?”

అత్తగారు మొగుడి వంక చూసింది, కోడలి వంక చూసింది. ఎంతో కాలంగా మనసులో పెట్టుకున్న లెక్క ఏదో ఆవిడకీ ఉంది. కత్తి చీరకి తుడిచి ఇచ్చి, ఒక పాత దుప్పటి తెచ్చి గొట్టం కింద పరిచింది. “ఇది ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ ఈయనకి నిద్ర సరిగ్గా లేదు. అందులో ఏ దెయ్యం ఉందో తియ్యి, చూద్దాం,” అంది.

కోయడానికి రంపం కావాలనుకుంది ఆమె. అక్కర్లేకపోయింది. గొట్టం పక్కన నిలువునా ఒక సన్నటి ఉబ్బు ఉంది. తుడిచినప్పుడల్లా చేతికి తగిలేది, తయారీలో వచ్చిన అతుకేమో అనుకునేది. కత్తి మొనతో రంగు గీకితే కింద టేపు బయటపడింది. పాతబడి పసుపెక్కిన టేపు. గొట్టం తిప్పి చూసింది. అవతలి పక్కన కూడా అలాగే, పై కొసనుంచి కింది కొసదాకా.

ఆమె తల ఎత్తి భర్త వంక చూసింది. ఆ టేపు అర్థం ఆయనకి చెప్పక్కర్లేదు. రోజూ చూసే పనే. గొట్టాన్ని రెండు పక్కలా చీల్చి, లోపల చూసి, మళ్లీ బద్దలు రెండూ కలిపి అంటించారు. రంగు వేసినవాళ్లు తెలియక దాని మీదే వేశారు.

“ఎవరో ముందే తెరిచారు,” అన్నాడు భర్త.

మాస్టారు గుమ్మం పట్టుకున్నారు.

ఆమె మూతలు ఊడదీసి, టేపు రెండు వైపులా కోసింది. పై బద్ద ఎత్తగానే బొటబొటా ఇసుక రాలింది. మట్టి ఎండి బీటలు తీసి, ఇటుకలా బిగుసుకుపోయింది. బురద పొరలు అలాగే గట్టిగా నిలిచాయి, ఇసుక పొరలు మాత్రం పట్టు విడిచి రాలుతున్నాయి. పైనుంచి బెత్తెడులోపు ఒకటి. దాని కింద ఇంకొకటి. ఇంకా కిందకి ఇంకా ఉన్నాయి. ఆమె ఓడ మీద తెచ్చినవాటి పక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. గాజు పలకతో గీరిన నునుపు ఇంకా అక్కడక్కడ మెరుస్తోంది.

అప్పుడు చూసింది బెండుముక్కల్ని. తెల్లవి, దుమ్ముపట్టి గోధుమరంగుకి తిరిగినవి. ప్రతి ఇసుక పొర దగ్గరా ఒకటి, ఎడమ అంచున. ఒకదాన్ని గోటితో లేపింది. కింద నలుచదరపు గుంట. బురదలో ఒక్క గుంట కూడా లేదు. ఇసుక ఉన్నచోటే, ఏ పొరనీ వదలకుండా, జాగ్రత్తగా, తర్వాత వచ్చేవాడికి తెలిసేలాగ.

ఇంతసేపూ ఆమె ఆయనది తప్పనుకుంది. మొండితనమనుకుంది, పెద్దతనమనుకుంది. తప్పయితే తిట్టుకోవచ్చు, వాదించవచ్చు, చివరికి జాలిపడవచ్చు. ఇది తప్పు కాదు. ఈయన చూశాడు. పొర పొరా చూశాడు. చూసి మూసేసి, బీరువా వెనక పెట్టి, ఓడ మీద నీళ్ల పైపు పెట్టించాడు.

“మొదటి యాత్రలోనే తెలుసు మీకు,” అంది.

“ఒక్క గొట్టం అది,” అన్నారు మాస్టారు. “అప్పటికే ఆ పాఠం చెబుతున్నాను. అన్ని తీరాల్లోనూ సరిపోయింది. ఒక్క గొట్టాన్ని ఎలా నమ్మమంటావు?”

“నమ్మకపోతే ఇంకో గొట్టం తెరిచి చూసేవారు మామయ్యా. నమ్మారు కాబట్టే కడిగించారు.”

మాస్టారు వచ్చి కుర్చీలో కూలబడ్డారు. ఆయన్ని అలా చూస్తే ఇంకో రోజైతే ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చేది. ఇవాళ కదల్లేదు. కదలకూడదనే కదల్లేదు.

“మరి దీన్నెందుకు ఉంచారు?” అంది. “అన్నిటితో పాటు దీన్నీ కడిగేస్తే పీడా పోయేది కదా.”

మాస్టారు ఆ మట్టి వైపు చూశారు. “మొదటిది కదమ్మాయ్,” అన్నారు. “చేతులు రాలేదు.”

ఆ మాటకి అత్తగారు మొహం తిప్పేసుకుంది. ఆమెకి మాత్రం కోపం తగ్గలేదు. మట్టి మీద చేతులు రాని మనిషికి పడవల మీద ఎలా వచ్చాయి?

భర్త దుప్పటి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒక గుంటలో చిటికెనవేలు పెట్టి తీశాడు. వేలికి అంటిన ఇసుకని బొటనవేలితో నలిపి చూశాడు. లేచి ఫోన్ తీసి, కంపెనీవాళ్లతో మాట్లాడాడు. ఇవాళ నివేదిక రాదనీ, వాలు నిద్రలో లేదనీ, లైను లోయ ముందునుంచి వెయ్యడానికి తాను సంతకం పెట్టననీ చెప్పాడు. అవతల ఎవరో అరుస్తున్నారు. ఆయన ఊ కొట్టకుండా విని, చెప్పిందే మళ్లీ చెప్పి పెట్టేశాడు. ఆమె ఆయన గొంతు అంత తేటగా వినడం అదే మొదటిసారి.

“అయితే నా పేరు తీసేస్తావన్నమాట,” అన్నారు మాస్టారు.

“తియ్యను నాన్నా,” అన్నాడు కొడుకు. “మొదటి వాక్యంలోనే ఉంచుతాను. సముద్రం ఎత్తుగా ఉన్న రోజుల్లో కూడా ఈ వాలు మీద ఇసుక దిగుతోందని మొదట చూసింది మీరేనని రాస్తాను. ఎప్పుడు చూశారో కూడా రాస్తాను.”

మాస్టారు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తీసెయ్యమని అడగడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నారు. పేరు ఉంచమని ఇంతసేపూ పోట్లాడింది ఆయనే.

ఇసుక దుప్పటి దాటి గచ్చు మీదికి కూడా చిమ్మింది, ఇత్తడి రేకు మీద, పడిపోయిన గొడుగుల మడతల్లో. అత్తగారు, చేతికి ఏదో ఒక పని ఉండాలన్నట్టు, మూలనున్న చీపురు అందుకుంది. వంగి మొదటి ఊపు ఊడవబోయింది.

“ఊడవకండి అత్తయ్యా,” అంది కోడలు. మెల్లగానే అంది గాని గొంతులో నిప్పు అలాగే ఉంది. “ఈ ఇంట్లో చాలా ఊడ్చారు.”

అత్తగారు చీపురు గోడకి చేర్చి, ఇసుక తొక్కకుండా పక్కనుంచి నడిచి వెళ్లి స్టౌ ఆపేసింది.